నాలుగో ఫొటో

దొంగ గోడ గడియారం పట్టుకుపోయి నాలుగు నిమిషాలైంది. పఠన మందిరంలో ఇరవై మంది ఇంకా నోరు తెరుచుకునే ఉన్నారు.

"గడియారం గురించి బెంగ వద్దు, వచ్చినవాడు మన మనిషే" అన్నారు మాస్టారు. "ఇప్పుడు మీరంతా సాక్షులు."

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆ గ్రంథాలయంలో ఆయన నేరశాస్త్రం చెబుతారు. టిక్కెట్టు లేదు, పరీక్ష లేదు. నేరం సంగతి పోలీసులకూ లాయర్లకూ వదిలేస్తే చాలదనీ, రేపు సాక్షి అయ్యేది వీధిలో నడిచే మనమేననీ ఆయన వాదన. వచ్చినవాళ్ళ జవాబులన్నీ తన పరిశోధన కోసం రాసుకుంటారు. "చదువు ఆలస్యంగా మొదలైంది కానీ, చదువుకోవడానికి బోలెడు తీరిక దొరికింది" అని మొదటి రోజే నవ్వించారు. ఏ గది తలుపు దగ్గరైనా ఎవరో ఒకరు తీసేదాకా ఆగడం ఆయన అలవాటు. పెద్దమనిషి మర్యాద అనుకునేవారు అందరూ.

బల్ల మీద వరసగా ఆరు ఫొటోలు పరిచి, ఒక్కోదాన్నీ వేలితో సరిచేశారు. పక్కన ఒక కుర్చీ, కుర్చీ దగ్గర గ్లాసుతో నీళ్ళు.

"ఒక్కొక్కరే వచ్చి చూసి, దొంగ నంబరు చీటీ మీద రాయండి. పైకి చెప్పకండి."

ముందుగా రిటైరైన పోస్టుమాన్ కూర్చున్నాడు. "సాక్ష్యానికి నీళ్ళెందుకు మాస్టారూ, మాత్రేమైనా వేస్తారా?"

"గొంతెండిన మనిషి ఏదో ఒకటి చెప్పేసి బయటపడదామనుకుంటాడు. ముందు తాగండి."

"నలభై ఏళ్ళు ముఖాలు చూసి ఉత్తరాలు ఇచ్చినవాణ్ణి, నాకు గొంతెండటమా" అంటూనే తాగి, చీటీ రాసి లేచాడు.

చివరి వరసలో దర్జీ ఆవిడ చీర కొంగును వేలికి చుట్టి విప్పుతోంది. రెండు వారాలుగా చెబుదామనుకుని చెప్పలేక ఇంటికి వెళ్ళిపోతోంది. ఇవాళ చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"చెల్లెమ్మా, నీదే ఆలస్యం" అన్నాడు పోస్టుమాన్. "చూపుతోనే కొలతలు తీసేదానివి, నీకిదొక లెక్కా?"

ఆమె కొంగు విప్పడం ఆపేసింది. సరిగ్గా అదే మాట ఆమె గురించి ఒకప్పుడు నల్లకోటు వేసుకున్న లాయరు జడ్జిగారితో అన్నాడు.

వెళ్ళి కూర్చుంది. మాస్టారు గ్లాసు నింపి పెడుతుంటే నీళ్ళు తొణికాయి. మిగతావాళ్ళ కన్నా ఆమెను ఒక్క క్షణం ఎక్కువ చూసి, చూపు దించుకున్నారు. తెలిసిపోయిందా? ఫొటోలకేసి చూసింది. చీటీ మీద 'తెలియదు' అని రాసింది.

మాస్టారు చీటీలు విప్పారు. "పద్నాలుగు మంది నాలుగో ఫొటో అన్నారు. ఐదుగురు రెండోది. ఒకరు తెలియదన్నారు. ఆ ఒక్కరిదే సరైన జవాబు. దొంగ ఫొటో ఈ ఆరింటిలో లేదు."

"ఇది మోసమండీ" అన్నాడు పోస్టుమాన్.

"ఆరింటిలో దొంగ ఉన్నాడని నేనన్నానా?"

పోస్టుమాన్ తల గోక్కున్నాడు. "అనలేదు. మేమే అనుకున్నాం. మరి ఇంతమందిమి నాలుగు మీదే ఎందుకు పడ్డాం?"

"ఫొటోలు సరిచేస్తూ దాని దగ్గర నా వేలు కాస్త ఎక్కువసేపు ఆగింది. ఎవరైనా గమనించారా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. దర్జీ ఆవిడ గమనించింది. చెయ్యెత్తే ధైర్యం లేకపోయింది.

అందరూ వెళ్ళిపోయాక కుర్చీలు సర్దే నెపంతో ఉండిపోయింది.

"మాస్టారూ, ఒక మాట చెబితే నన్ను పోలీసులకు పట్టివ్వరు కదా?"

"ఇవ్వనమ్మా."

"పదహారేళ్ళ కిందట మా వీధి మందుల షాపాయన్ని ఎవరో పొడిచి పారిపోయారు. మసక చీకట్లో చూసినదాన్ని నేనొక్కదాన్నే. ఇన్‌స్పెక్టరు ఇలాగే ఆరు ఫొటోలు పరిచాడు. ఆయన వేలు కూడా నాలుగోదాని దగ్గర ఆగింది. నేనూ అదే అన్నాను. కోర్టులోనూ ఆ మనిషినే చూపించాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "తొమ్మిదేళ్ళు జైల్లో ఉన్నాడు. తర్వాత అసలువాడు దొరికి ఇతన్ని వదిలేశారని పేపర్లో చిన్న ముక్క వచ్చింది. ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగదు."

మాస్టారు ఫొటోలు ఒక్కొక్కటే తీసి దొంతర పెడుతున్నారు. "అతని పేరేమిటి?"

"కోర్టులో పిలిచే ఉంటారు. నా చెవికెక్కలేదు. నాకతను నాలుగో నంబరే."

"ఇప్పుడు ఎదురైతే గుర్తుపడతారా?"

"ఎందుకు పట్టను? కళ్ళు మూస్తే ఆ ముఖమే. వెయ్యి మందిలో ఉన్నా పట్టేస్తాను."

ఆయన తలెత్తకుండా ఫొటోలకు రబ్బరు బ్యాండు వేశారు. ఆయన చొక్కా భుజాల దగ్గర రెండు వేళ్ళు వదులుగా ఉందని ఆమె కన్ను దానంతటదే కొలిచింది. ఎప్పుడో లావుగా ఉన్నప్పుడు కుట్టించుకున్నది కాబోలు.

"కాళ్ళ మీద పడాలని ఉంది మాస్టారూ. కానీ ఏ మొహం పెట్టుకుని పడను? ఆ రోజు బోనులో నా నోట మాట పెగల్లేదు. ఎవరో 'ఆవిడకు నీళ్ళివ్వండి' అన్నారు. నేను తలెత్తి చూడలేదు. లాయరో, బంట్రోతో. ఆ నీళ్ళు తాగాకే నా వేలు లేచింది. ఒక్కోసారి ఆ పుణ్యాత్ముడి మీద కూడా కోపమొస్తుంది, ఎందుకిప్పించాడా అని."

మాస్టారు ఆమెకెదురుగా, ఇన్నాళ్ళలో మొదటిసారి, ఆ సాక్షి కుర్చీలో కూర్చున్నారు. గ్లాసు ఆమె వైపు జరిపారు.

"తాగండమ్మా."

ఆమె తాగేదాకా ఆగారు. ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టాక, నెమ్మదిగా అన్నారు.

"ఎదుటి బోనులోంచి ఆ నీళ్ళు ఇమ్మన్నది నేనే."