పండు బొమ్మ

"అది పండు కాదమ్మాయ్, కడగొట్టు పిల్ల" అన్నారు కోటమ్మ గారు, వేద ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూస్తూ.

వేదకి ఒళ్ళు మండింది.

అమెరికాలోని ఈ ఫ్రీమాంట్ లైబ్రరీలో పది రోజులుగా ఇదే వరస. పక్క హాల్లో మనవరాలి చెస్ క్యాంప్ అయ్యేదాకా ఆవిడ వచ్చి వేద పక్కనే కూర్చుంటారు. తెలుగు పత్రిక తెరుస్తారు.

"కళ్ళజోడు మర్చిపోయా తల్లీ, ఈ ముక్క కాస్త చదివి పెడుదూ" అంటారు.

రోజూ మర్చిపోతారు. మాట తీరు చూసి రిటైర్డ్ టీచరేమో అనుకుంది వేద.

మొదటి రోజే పేరూ, ఫోన్ నంబరూ అడిగారు.

"వేద."

"వేపా?"

"వేద అండీ."

"ఆఁ, గుర్తుంటుందిలే" అని అటు తిరిగి చిన్న పుస్తకంలో నంబర్ రాసుకున్నారు.

వేద పీహెచ్‌డీ అంతా బొమ్మల మీదే. ఐదొందల ఏళ్ళ కిందట మెక్సికోలో నహువాతల్ భాష వాళ్ళు జనాభా లెక్కల్లో మనిషి తల గీసి, పక్కన పేరుని బొమ్మగా వేసేవారు. ఇప్పుడు తెర మీద వరసగా ముగ్గురు అక్కచెల్లెళ్ళ తలలు, ఆఖరి తల పక్కన పండు. శుక్రవారానికి చాప్టర్ ఇవ్వాలి. ఇంకోసారి తప్పు చదివితే టాపిక్కే మార్చుకోమన్నాడు ప్రొఫెసర్.

"పండు బొమ్మ వేస్తే పేరు పండే కదండీ?"

"దీని అక్కల పేర్లేంటి?"

"పెద్దది, నడిపిది. పుట్టిన వరసే వాళ్ళకి పేరు."

"మరి ఇది కడగొట్టుదేగా. కడగొట్టుకి బొమ్మెలా వేస్తాడు పాపం? అలాగే పలికే ఇంకో మాటకి వేసుంటాడు."

"రీసెర్చ్ అంత ఈజీ కాదు బామ్మగారూ. చదువుకుంటేనే తెలుస్తుంది."

కోటమ్మ గారు పత్రిక మడిచి పక్కన పెట్టారు. తర్వాత సంచిలోంచి జంతికల పొట్లం తీసి వేద ముందు పెట్టారు.

"తిను. చిక్కి సగమయ్యావు."

వేద పండు అనే రాసి పంపింది.

సోమవారం ప్రొఫెసర్ మెయిల్ వచ్చింది. "షోకోత్ల్ అంటే పండు. షోకో అంటే కడగొట్టు బిడ్డ. శబ్దం కోసం వేసిన బొమ్మ అది. ఇలా చదవడం వచ్చినవాళ్ళ దగ్గర ముందు నేర్చుకో. అప్పుడే టాపిక్ సంగతి మాట్లాడదాం."

వేదకి సిగ్గేసింది. తప్పయిపోయిందని చెప్పాలి. జంతికలు ఎంత బావున్నాయో కూడా చెప్పాలి. లైబ్రరీకి పరిగెత్తింది.

కోటమ్మ గారి కుర్చీ దగ్గర ఎవరో ఏదో వెతుకుతున్నారు. కోటమ్మ గారు రాలేదా అని అడిగింది వేద.

"నేను రేష్మనండీ, కోటమ్మ గారి కోడల్ని. అత్తయ్య నిన్న ఇండియా ఫ్లైట్ ఎక్కేశారు. ఫోన్ నంబర్ల పుస్తకం ఇక్కడే మర్చిపోయారట."

అది పత్రికల కింద దొరికింది. వేద తెరిచింది.

చిలక బొమ్మ పక్కన ఒక నంబర్. చందమామ పక్కన ఒకటి. మామిడిపండు పక్కన ఇంకొకటి.

"ఈ మామిడిపండు ఎవరండీ?"

"మా ఆయన" అని నవ్వింది రేష్మ. "ఇంట్లో ఆఖరివాడు కదా, ముద్దుపేరు పండు."

చివరి పేజీలో ఒక వేపకొమ్మ. దాని పక్కన వేద నంబర్.

"మరి పేర్లు ఎక్కడ రాశారు?"

"అవే పేర్లండీ" అంది రేష్మ. "మా అత్తయ్యకి అక్షరం ముక్క రాదు కదా."