దగ్గరుండి చూపించిన పళ్ళు

"ఇది నోరా, చెదలపుట్టా?" అన్నాడు పళ్ళ డాక్టరు, చేతిలోని చిన్న అద్దాన్ని వెనక్కి లాక్కుంటూ.

ఆ మాట అప్పుడే తలుపు తోసుకుని వస్తున్న ఇల్లాలి చెవిన పడింది. కుర్చీలో వెల్లకిలా పడుకున్నది ఆవిడ మొగుడే. కుడి బుగ్గ నిమ్మకాయంత వాచి ఉంది. నొప్పికి తాళలేక ఆఫీసు నుంచి సరాసరి వచ్చేశాడు. ఆవిడ పక్కన లేకుండా ఆయన ఆ కుర్చీ ఎక్కడం ఇదే మొదలు.

"పుట్ట పెరిగేదాకా మీరేం చేస్తున్నారండీ?" అంది ఆవిడ, చేతిసంచీ కింద పెట్టకుండానే. "వానైనా వరదైనా ఆర్నెల్లకోసారి దగ్గరుండి చూపిస్తూనే ఉన్నానే! చూసిన ప్రతిసారీ ముత్యాలన్నారు, దానిమ్మ గింజలన్నారు. ఇప్పుడేమో పుట్టంటారా?"

"అన్నానమ్మా. కానీ ఈ నోరు నేనెప్పుడూ చూళ్ళేదు."

"బాగుంది సంబడం! ఇన్నిసార్లు వచ్చిన మనిషిని గుర్తుపట్టరా?"

"మొహాలతో నాకేం పని? లైటు వేశానంటే నాకు పళ్ళు తప్ప ఇంకేం కనపడవు." డాక్టరుకి పౌరుషం వచ్చింది. "నేను పుచ్చు లేదన్న నోట్లో పుచ్చు ఉండదు. ఉంటే ఈ కుర్చీ అమ్మేసుకుంటా."

"ముందు ఆ పన్ను సంగతి చూసి, తర్వాత అమ్ముకుందురుగాని."

"చూసేదేముంది? పీకాల్సిందే. కింది దవడ, కుడివైపు, చివరి నుంచి రెండోది. ఇవాళే పీకాలి. ఆలస్యమైతే చీము దవడంతా పాకుతుంది" అంటూ డాక్టరు మత్తు సూది కోసం పక్క గదిలోకి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే మొగుడు కుర్చీ దిగి, బీరువా చాటున నక్కాడు.

"నా వల్ల కాదే బాబూ! దవడ పోతే పోనీ."

"చిన్నపిల్లాడిలా ఏమిటండీ? నేను వేలు పెట్టి చూస్తేగానీ స్నానానికి నీళ్ళు పోసుకోరు. చేదుందో లేదో నేను నాలిక్కి రాసుకుంటేగానీ మందు మింగరు. మీతో ఎలా వేగేది?"

ఆయన మూలిగాడు తప్ప కదల్లేదు.

"సరే, ఎప్పటిలాగే ముందు నేను కూర్చుంటా. ఏమీ ఉండదని మీరే చూద్దురుగాని."

ఆవిడ కుర్చీలో వాలి, కళ్ళు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచింది. డాక్టరు వచ్చి లైటు వేసి, కింది దవడ కుడివైపు చివరి నుంచి రెండోది లెక్కపెట్టుకున్నాడు. సూది చురుక్కుమంది. 'ఎప్పుడూ సూది ఉండదే!' అనుకుంది ఆవిడ. గట్టిగా అరవాలనిపించింది. అరిస్తే మొగుడు ఇక జన్మలో ఈ కుర్చీ ఎక్కడు. అందుకని పళ్ళబిగువన కాకపోయినా గుండె బిగువన ఓర్చుకుని, 'ఏమీ లేదు' అన్నట్టు బీరువా వైపు చెయ్యి ఊపింది. దవడ మొద్దుబారింది. కాసేపటికి లోపలెక్కడో పటుక్కుమంది.

డాక్టరు పన్నుని లైటు కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. మచ్చుకైనా నల్లచుక్క లేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశారా! నేను లేదన్నానంటే లేనట్టే!"

బీరువా చాటు నుంచి వాచిన బుగ్గ పట్టుకుని వచ్చిన మొగుడు అప్పటికే చెప్పులు తొడుక్కుంటున్నాడు.

"నువ్వన్నది నిజమేనే, ఎప్పటిలాగే నొప్పే తెలీలేదు. పద, ఇంటికెళ్దాం."