అన్నింటికీ అయిదే!

"అన్నింటికీ అయిదే వెయ్యాలి. తెలిసిందా?"

హెడ్ నాగరాజన్ సార్ ఆ మాట చెప్పి మరీ ఫారాలు పంచారు. తమిళ ఊరు తుడియలూరులోని ఆ కాలేజీకి తనిఖీ బృందం రాబోతోంది మరి!

మీరు రాసినవాటి మీద అధ్యాపకులు చెప్పే అభిప్రాయాలు మీకు ఉపయోగపడుతున్నాయా? అయిదుకు ఎన్ని మార్కులు? అదీ ప్రశ్న.

క్లాసంతా బుద్ధిగా అయిదు వేసింది. యువరాణి ఒకటి వేసింది.

అంతే, ఆమె ప్రాజెక్టు రిపోర్టు మీద సార్ సంతకం ఆగిపోయింది. ఇచ్చేయడానికి ఇవాళే ఆఖరు. సంతకం పడకపోతే ఏడాది చదువు గంగపాలే.

"ఒకటిని అయిదు చేసి తీసుకురా. అప్పుడు చూద్దాం."

"చెయ్యను సార్."

"అయితే బయట కూర్చో."

బయట బెంచీ మీద ఎవరో నడివయసు ఆవిడ కూర్చుని ఉంది. మెడలో కాలేజీ కార్డు, ఒళ్లో గుడ్డసంచి. యువరాణికి చోటిచ్చి పక్కకు జరిగింది.

స్నేహితురాలు లోకేశ్వరి ఆయాసపడుతూ వచ్చింది. గుట్టు మాటలుంటే వాళ్ళిద్దరూ ఇంటి తెలుగులోకి దిగిపోతారు. చుట్టూ తమిళమే కదా, ఎవరికి అర్థమవుతుందని ధీమా.

"గమ్మున అయిదేసి పోవే! నీకేం పట్టింది?"

"ఎందుకెయ్యాల? రేయింబగళ్ళు రాసి ఇస్తే, 'గుడ్' అని ఒక్క మాట గీకి ఇస్తారు. చదివితే కదా!"

"మెల్లగా మాట్లాడవే! ఈమెను వేగు చూసేదానికి కూర్చోబెట్టినారేమో."

"ఉండనీ! ఈమెకేం తెలుస్తాది మన మాట? మొగం చూడు, సార్ ఏం చెప్పినా తలకాయ ఊపే రకం."

ఆవిడ సంచి సర్దుకుంది.

"అందరూ 'గుడ్' గీకేవాళ్ళేనా? మరి నీ ఆకుపచ్చ ఇంకు సంగతి?" లోకేశ్వరి ఉడికించింది.

యువరాణి మొహం జేవురించింది. ప్రాజెక్టు చిత్తు ప్రతిని రెండోసారి దిద్దేది ఎవరో పిల్లలకు చెప్పరు. ఆ ఎవరో ఆమె కాగితాల అంచులన్నీ ఆకుపచ్చ ఇంకుతో నింపి పంపారు.

"మీ అవ్వ మాటల్ని ఉతికి ఇస్త్రీ ఎందుకు చేసినావని అడిగిందే! ఏడ్చినా, తిట్టినా. కడాకు అవ్వ ముందర కూర్చుని, పంపులు చేసే పట్టరలో ఆమె పడిన పాట్లన్నీ ఆమె చెప్పినట్టే రాసినా. ఆ బూతం ఎవరో గానీ, చదివిందే! దానికైతే అయిదేస్తా. ఫారంలో దాని పేరేది?"

అప్పుడే లోపలినుంచి పిలుపొచ్చింది. ఆవిడ లేచి వెళ్ళింది.

కాసేపటికి సార్ అరుపులు వినిపించాయి. ఆ వెంటనే ఆవిడ గొంతు, మెత్తగా, తమిళంలో.

"ఆ పిల్ల ఫారం ఉన్నదున్నట్టే పోవాలి సార్. లేదంటే తనిఖీవాళ్ళకు నేనే చెప్తాను."

బయటికి వచ్చినప్పుడు ఆవిడ మెడలో కార్డు లేదు.

"లోనికి పో అమ్మిణీ, సంతకం పెడతాడు. ఒకటిని మాత్రం అయిదు చెయ్యొద్దు."

అచ్చంగా వాళ్ళింటి తెలుగు! లోకేశ్వరి నాలుక కరుచుకుంది.

ఉడుమలైపేట బస్సుకు వేళైందంటూ ఆవిడ నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"మీ రక్కమ్మాళ్ అవ్వ బాగుండాదా?"

"బాగుండాది అక్కా!" అంటూనే యువరాణి లోపలికి పరిగెత్తింది.

సార్ తల ఎత్తకుండా సంతకం గిలికారు. ఒకటి ఒకటిగానే ఉంది.

"ఆమె ఎవరు సార్?"

"చెప్పినమాట వినని మనిషి. రేపట్నుంచి రాదు. నువ్వు నడు."

గెలిచానన్న పొంగుతో రిపోర్టును గుండెలకు హత్తుకుని గేటు దాకా వచ్చింది యువరాణి. బస్సు అప్పటికే మలుపు తిరిగిపోతోంది.

అక్కడే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

అవ్వ పేరు ఆ కాలేజీలో ఎవరికీ చెప్పలేదు తను, లోకేశ్వరికి కూడా.

ఆ పేరు రిపోర్టు మూడో అధ్యాయం నడుమ ఒక్కచోటే ఉంది. అక్కడిదాకా చదివింది ఆకుపచ్చ ఇంకు ఒక్కటే.