పంది కోసం చాప

“చీకటి పడేలోగా వచ్చెయ్యి తల్లీ. మా రోడ్ల మీద పందులు మనుషుల కన్నా ధీమాగా నడుస్తాయి. ఏ పెద్దమనిషి పందికో తగిలిందంటే మన కొంప మునిగినట్టే!” అంది సియేని, కారు కిటికీ పట్టుకుని వదలకుండా.

సమోవాలో, సవాయీ దీవి ఒడ్డున, వచ్చేపోయే వాళ్లకు ఆమె పాకలు అద్దెకిస్తుంది. ఈ వారం దిగింది హిల్డే, ఎక్కడో మంచుదేశం నుంచి ఒంటరిగా వచ్చిన పిల్ల. ఒంటరిగా అనేసరికే సియేనికి నిద్ర పట్టడం మానేసింది.

“సరేనమ్మా,” అంది హిల్డే.

“ఊళ్లో దిగితే మోకాళ్లు కనపడకుండా లుంగీ చుట్టుకో. సాయంత్రం శంఖం ఊదితే ప్రార్థన వేళ. ఎక్కడున్నదానివి అక్కడే ఆగిపో. కొబ్బరిచెట్టు కింద కూర్చోకు. పగడపు దిబ్బ తెగిన చోట ఈదకు, నీళ్లు లాక్కుపోతాయి.”

“ఊపిరి కూడా పీల్చొద్దని చెప్పమ్మా, ఒక పనైపోతుంది,” అంది కూతురు మాసినా, బట్టలు ఆరేస్తూ.

పొద్దు వాలింది. శంఖం మోగింది, ప్రార్థన కూడా అయిపోయింది. అప్పుడు వచ్చింది కారు. మూతి సొట్టపోయి ఉంది. దిగిన హిల్డే ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“మలుపులో ఏదో చిన్నది అడ్డొచ్చిందమ్మా. తప్పిద్దామని బండి పక్కకు తిప్పాను. అక్కడ పంది ఉంది. చచ్చిపోయింది.”

“ఎవరిది?”

“తెల్లగడ్డం పెద్దాయన. కత్తెత్తి, అరుస్తూ నా మీదికొచ్చాడు. భయమేసి వచ్చేశాను.”

“సావెలియో! ఊరిపెద్ద!” అంది సియేని. పెద్దలంతా కూడి పాకలు మూయించినట్టూ, కప్పు మీద రాళ్లు పడుతున్నట్టూ ఆమె కళ్లముందు కనిపించింది. పాకలు పోతే పోనీ. కత్తి ఈ పిల్ల మీదికి వస్తే? దీన్ని కన్నతల్లికి నేనేం చెప్పను?

“తెల్లారకముందే చాప కప్పుకుని వాళ్ల వాకిట్లో కూర్చోవాలి,” అంది.

ఆరిన బట్టలు మడతపెడుతున్న మాసినా తలెత్తింది. “పంది కోసం చాపా! మనిషి ప్రాణం పోయినప్పుడు కప్పుకునేదమ్మా అది. ఊరంతా నవ్వుతుంది.”

“నవ్వనీ. నవ్వేవాళ్లు కత్తెత్తరుగా.”

ఇంకా మసక వీడకముందే లేచి, కూతుర్ని లేపకుండా, పెట్టె అడుగు నుంచి మొగలి ఆకుతో నేసిన సన్నచాప తీసింది సియేని. ఆ ఇంట్లో అంతకన్నా విలువైనది లేదు. రోడ్డున పోతే ఎవరి కంటనైనా పడతామని, హిల్డేను ఇసుక ఒడ్డు వెంట నడిపించింది.

“తప్పు చేసినవాళ్లు తలమీద చాప కప్పుకుని కూర్చుంటారు. మాట్లాడకూడదు, తల ఎత్తకూడదు. మన్నిస్తే ఆ ఇంటివాళ్లే వచ్చి చాప తీస్తారు,” అని దారిలో చెప్పింది.

“తియ్యకపోతే?”

సియేని ఆ మాట విననట్టే నడిచింది.

సావెలియో వాకిట్లో గులకరాళ్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. చాప కప్పుకున్నారు. కింద కాళ్ల వేళ్లు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు.

“గుద్దింది నేను కదా. మీరెందుకమ్మా?” అంది హిల్డే.

“నా పాకలో పడుకున్నావు. నా చేతి చేమదుంప తిన్నావు. నీ తప్పు నా ఇంటి తప్పు కాదూ? నోరు మూసుకుని తల దించు.”

హిల్డే ఆమె చెయ్యి పట్టుకుంది. “నన్ను కన్నవాళ్లు తప్ప నాతో ఇంతదూరం ఎవరూ వచ్చేవాళ్లు కాదమ్మా. ఈ చెయ్యి జన్మలో మర్చిపోను.”

“బతికి బట్టకడితే అప్పుడు తలుచుకుందువు గాని.”

ఎండ ఎక్కింది. చాప పెనంలా కాలుతోంది. ఇంట్లోంచి అలికిడి లేదు. దగ్గు లేదు, తిట్టు లేదు. తిట్టినా బాగుండేది. కత్తి నూరుకుంటున్నాడేమో అనుకుంది సియేని. అయినా రాయి పడని ప్రతి ఘడియకూ దేవుడికి దండం పెట్టుకుంది.

ఇక ఆగలేక, మాట్లాడకూడదని తానే చెప్పిన సంగతి మరిచిపోయింది. “సావెలియో అన్నా! పరాయి పిల్ల. కోపముంటే నామీద చూపించు. దీన్ని మాత్రం క్షేమంగా వాళ్లమ్మ దగ్గరికి పోనియ్యి!”

ఎక్కడో కోడి గులకరాళ్లు కెలుకుతోంది, అంతే.

చాలాసేపటికి అడుగుల చప్పుడు. ఎవరో పరుగెత్తుకుంటూ వస్తున్నారు. హిల్డే కళ్లు మూసుకుంది. సియేని ఆ పిల్ల తలను తన ఒళ్లోకి లాక్కుని పైన వంగింది.

చాప లేచింది. ఎదురుగా మాసినా.

“క్షమించారా?” అంది సియేని, తల ఎత్తకుండానే.

మాసినా ఆయాసపడుతోంది. నడుం మీద చేతులు పెట్టుకుని తల్లినీ, హిల్డేనూ, ఖాళీ ఇంటినీ మార్చి మార్చి చూసింది.

“సావెలియో పెదనాన్న ఇంటిల్లిపాదీ చీకటితోనే రోడ్డు మీదుగా వచ్చి మన వాకిట్లో చాప కప్పుకుని కూర్చున్నారమ్మా! నిన్న మలుపులో హిల్డే తప్పించింది ఆయన మనవరాలినట, అలాంటి పిల్ల మీద కత్తెత్తానే అని ఏడుస్తున్నాడు, నువ్వొచ్చి చాప తీస్తే గానీ లేవడట!”