ఏసోబు మాస్కు

దగ్గీ దగ్గీ ఏసోబు పోయాక, పలకల ఫ్యాక్టరీలో అతని ఉద్యోగం భార్య దీవెనమ్మకు ఇచ్చారు. అతని మాస్కూ ఇచ్చారు. ఇప్పటి మాస్కులు దుమ్ము ఆపి ఊరుకోవు. తొడుక్కున్నవాళ్ల ఊపిరి నేర్చుకుని, వాళ్లు అలసిపోతే తామే పీల్చి వదులుతాయి.

"ఇది ఆయనలాగే పీలుస్తోంది సార్. రెండు చిన్న ఊపిర్లు, కాస్త ఆగి ఒక పెద్దది. నాకు ఊపిరి ఆడటం లేదు. కొత్తది నేనే కొనుక్కుంటా."

"కుదరదమ్మా," అన్నాడు సూపర్‌వైజర్ రంగబాబు. "రక్షణ సామాను ఖర్చు కంపెనీదే. నీ చేత కొనిపిస్తే చట్టం మమ్మల్ని వదలదు. ఆ ఉద్యోగానికి ఒక్క మాస్కే, అది ఇచ్చేశాం కదా."

షిఫ్టు ముగిసే సైరన్ మోగేదాకా మాస్కు ఊడిరాదు. మొదట్లో దీవెనమ్మ దానితో పెనుగులాడింది. తర్వాత అలవాటు పడింది. అది దగ్గితే తనూ దగ్గేది.

ఆ సాయంత్రం మాస్కు ఫ్యాక్టరీ కొక్కేనికి తగిలించి ఇంటికొచ్చింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ ఊపిరి తీసుకుంది. రెండు చిన్నవి, కాస్త ఆగి ఒక పెద్దది.

స్టవ్ దగ్గరున్న కూతురు సలోమి తల తిప్పకుండానే అంది.

"నీళ్లు తోడిపెట్టాను, స్నానం చెయ్యి నాన్నా."