కానుగ పూత కింద

తేనెటీగలు కనుమరుగయ్యాక పూలకు పుప్పొడి అంటించేవి యంత్రపు ఈగలే. చైత్రం వచ్చిందంటే కానుగ తోపులో పాడైపోయిన ఈగలను ఏరడానికి జనం స్వచ్ఛందంగా వస్తారు. వాళ్లకు తర్ఫీదు ఇచ్చేది సుభాషిణి. పదకొండేళ్లుగా ఆమె చెప్పే చివరి పాఠం ఒకటే: "నిజం తేనెటీగ ఎప్పుడైనా కనిపిస్తే ముట్టుకోవద్దు. ఊపిరి బిగబట్టి చూడండి."

ఆ ఉదయం రెమ్మ మీద నెమ్మదిగా పాకుతున్న ఈగను, పాడైందే అనుకుని ఆమె చటుక్కున పట్టుకుంది. చెయ్యి చురుక్కుమంది. విసుక్కుంటూ నలిపి రేకు డబ్బాలో పడేసింది. డబ్బా ఎప్పటిలా టంగుమనలేదు.

కొత్తగా నేర్చుకోవడానికి వచ్చిన పైడితల్లి ఆమె అరచేతిలో దిగబడిన ముల్లుకేసి వింతగా చూసింది.

"మేడమ్, మిసను ఈగకి ముల్లుంటాదేటండీ?"

సుభాషిణి గుప్పెట మూసేసింది. చేతికన్నా ముఖం ఎక్కువగా మండింది.

"కొత్తరకం వాటికి ఉంటోందమ్మా."

పైడితల్లి నమ్మేసింది. నోటుపుస్తకం తీసి బుద్ధిగా రాసుకుని పైకి చదివింది. "ముల్లున్న ఈగ మిసనుదే. కనబడితే నలిపీయాల. సరిగ్గా రాసేనాండీ?"

పక్కనున్న పదిమందీ కలాలు తీశారు.

సుభాషిణి దించిన తల ఎత్తకుండానే, అవునన్నట్టు ఊపింది.