రెండు గేట్ల మధ్య

"రెండో గేటు తీసేముందు బెల్టు విప్పేయ్. లోపల కుక్కలన్నీ విడిగా తిరుగుతుంటే దీన్నొక్కదాన్నే కట్టి పట్టుకుంటే బెదురుతుంది," అన్నాడు భర్త.

కుక్కల పార్కు రెండు గేట్ల మధ్య ఇరుకులో నిలబడి ఆమె తమ కుక్క బెల్టును చేతికి మరో చుట్టు చుట్టుకుంది.

"మొన్న విప్పితేనే కదా దీని చెవి చిరిగింది. ఆ పెద్దాయన, తన కుక్క దీన్ని కరిచాక కూడా 'మాది ఎవర్నీ ఏమీ అనదండీ' అంటూ నిలబడ్డాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది."

"ఇంట్లో ఉండి ఉండి సోఫా పీకేస్తోంది. దానికీ తోడు కావాలి కదా."

"సోఫా పోతే పోనీ."

ఆమె గేటు తీసి బెల్టుతోనే లోపలికి నడిచింది. ఓ నల్ల కుక్కపిల్ల తోక ఊపుకుంటూ ఎదురొచ్చింది. ఆమె గబుక్కున బెల్టు లాగింది. మెడ బిగుసుకుపోయి, వెనక్కి పోయే దారి లేక, ఆమె కుక్క మునుపెన్నడూ లేని గొంతుతో గుర్రుమంటూ పిల్ల మీదికి ఎగబడింది. పిల్ల కుయ్యోమంది.

ఓ అమ్మాయి పరుగున వచ్చి దాన్ని ఎత్తుకుంది. "కరిచే కుక్కని పార్కుకి ఎందుకు తెస్తారండీ?"

"మాది ఎవర్నీ ఏమీ అనదండీ."

అనేశాక ఆమెకు ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చింది. కుక్కతో వెనక్కి తిరిగి, మళ్లీ రెండు గేట్ల మధ్యకి, భర్త దగ్గరికి వచ్చింది. వేళ్ల మీద బెల్టు అచ్చులు ఎర్రగా పడ్డాయి.

"ఏవండీ, ఆ రోజు ఆ పెద్దాయన కూడా తన కుక్క బెల్టు విప్పలేదు కదూ?"